తేలని నాలుగు సెకన్లు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. పేట నుంచి బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు నలభై నిమిషాలు. పొలంలో కాటా దగ్గర రెండు గంటల పదిహేను నిమిషాలు. పొలం నుంచి వచ్చి, ఊడిన స్టిక్కర్లు మళ్లీ అంటించుకునేదాకా ఇంకో నలభై. తెల్లవారాక పళ్లు తోముకుంటూ పన్నెండు. బోరింగు కొడుతూ ఎనిమిది. తిరిగి బండి మీద పేట దాకా నలభై. అన్నీ కలిపితే నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలు.

ఇవి నా గుండె కొట్టుకోని నిమిషాలు కావు. కొట్టుకుందో లేదో తెలియని నిమిషాలు. ఒక రోజంతా గుండె తీరు రాసిపెట్టమని గుంటూరులో నా మెడకి ఒక చిన్న మిషను తగిలించారు. ఇరవై నాలుగు గంటల్లో పంతొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాల పాటు అది చెప్పిన పని చేసింది. మిగతా సమయంలో నా చేతుల్నీ భుజాల్నీ, మా ఊరి రోడ్డు గతుకుల్నీ రాసుకుంది.

మాది చిలకలూరిపేట నుంచి వినుకొండ వైపు లోపలికి పోతే వచ్చే ఒక మిరప ఊరు. అక్కడ నేను కాటా పడతాను. అంటే, రైతు చేలో ముఠా ఆడవాళ్లు కోసిన పండుకాయని సాయంత్రం గట్టు మీద తూచి, ఎన్ని గోతాలో, ఎన్ని కిలోలో చెప్పడం. కూలీ కిలోల మీద ఉంటుంది కాబట్టి తూచేవాణ్ణి రైతూ నమ్మాలి, ముఠా కూడా నమ్మాలి. ఇరవై ఆరేళ్లుగా నమ్ముతున్నారు. నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. శాతాలు ఎరువుల బస్తాల మీద చూసి నేర్చుకున్నాను. దశాంశాలు పురుగుమందు డబ్బాలు నేర్పాయి. ఎకరానికి ఎంత మందు, పంపుకి ఎంత, మూతకి ఎంత అని ముందు తరంవాళ్లు ఉజ్జాయింపుగా పోసేవాళ్లు. నాకు ఉజ్జాయింపు అంటే పళ్లు పులుస్తాయి. అదొక జబ్బు అనేది నా భార్య.

ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. పిల్లలు లేరు. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఫిబ్రవరిలో, రెండో కోత నడుస్తుండగా, కల్లంలో ఎండుకాయ తిరగేస్తున్నవాణ్ణి ఉన్నట్టుండి పడిపోయాను. ఎంతసేపు పడి ఉన్నానో నాకు తెలియదు. చూసినవాళ్లని అడిగితే ఒకరు రెప్పపాటు అన్నారు, ఒకరు గంటన్నంత సేపు అన్నారు. కళ్లు తెరిచేసరికి ముఖం కాయలో ఉంది, కళ్లు మండిపోతున్నాయి. ఎవరో నీళ్లు కుమ్మరిస్తున్నారు. ఊళ్లో డాక్టరు నాడి చూసి, ఇది నా వల్ల తేలేది కాదు, గుంటూరు వెళ్లమన్నాడు.

గుంటూరు డాక్టరు ముందు మామూలు ఈసీజీ తీయించారు. బాగానే ఉందన్నారు. ఆ కాగితం మీద ఉన్నది ఎంతసేపటి గుండె అని అడిగాను. పది సెకన్లు అన్నారు. నేను పడిపోయింది ఆ పది సెకన్లలో కాదు కదా అన్నాను. ఆయన నవ్వి, అందుకే మిషను పెడుతున్నాం అన్నారు. గుండె మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఆగుతోందేమోనని ఆయన అనుమానం. అలా ఆగుతున్నట్టు గీతలో కనబడితే కంఠం ఎముక కింద ఒక పరికరం పెట్టాలి. కనబడకపోతే అక్కర్లేదు. తేలేదాకా బరువులెత్తొద్దు, బండి తగ్గించండి అని కూడా చెప్పారు.

తేలేదాకా అన్న మాటకి అర్థం ఇంటికి వెళ్లాక తెలిసింది. ఆ రోజుల్లో నేను తలుపు గడియ వేసుకోకుండా పడుకునేవాణ్ణి. లోపల పడిపోతే జనం తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. ఆ తలుపు టేకుది, మేమిద్దరం కలిసి వెళ్లి కొన్నది.

మిషను పెట్టిన అమ్మాయిది వినుకొండ టౌను. ముప్పై దాటి ఉంటాయి. నా ఛాతీ మీద అక్కడక్కడా వెంట్రుకలు గీసి, స్పిరిటుతో తుడిచి, స్టిక్కర్లు అంటించి, వాటికి వైర్లు తగిలించింది. స్నానం చెయ్యొద్దంది. వైర్లు లాగొద్దంది. కళ్లు తిరిగినట్టుంటే ఈ బటన్ నొక్కమంది. ఏ వేళకి ఏం చేశారో రాయమని ఒక కాగితం ఇవ్వబోతే, అక్కర్లేదమ్మా, వేళలు నాకు గుర్తుంటాయి అన్నాను. మిగతాదంతా మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, పడుకుని ఉంటే మాకేం తెలియదు అంది. డాక్టరు మాటకీ ఈ అమ్మాయి మాటకీ పొత్తు కుదరలేదు. నేను ఈ అమ్మాయి మాట విన్నాను.

చివర్లో అడిగింది. "ఇంట్లో ఎవరుంటారు బాబాయ్ గారూ? స్టిక్కరు ఊడితే అంటించడానికి?"

నాకు రెండు చేతులున్నాయి కదమ్మా అన్నాను. ఆమె సొరుగులోంచి ప్లాస్టరు చుట్ట తీసి నా చేతిలో పెట్టింది.

అప్పటికి ఉదయం పది. బస్సులో పేట, అక్కణ్ణుంచి నా బండి మీద ఊరు. అన్నం తిన్నాను. రెండున్నరకి, రోజూ చేసినట్టే, ఆముదం సీసా తీశాను.

మిరప చేలోకి ఒంటికి నూనె లేకుండా ఎవరూ దిగరు. కాయ కోసే ఆడవాళ్లు చేతులకీ మెడకీ పాదాలకీ కొబ్బరినూనో ఆముదమో దట్టంగా పట్టిస్తారు, లేకపోతే రాత్రి ఒళ్లంతా నిప్పులు పోసుకున్నట్టుంటుంది. నాకు మిగతావాళ్లకంటే ఎక్కువే కావాలి, ఎందుకంటే కాటాకి తగిలించేటప్పుడు గోతం నా ఛాతీకీ భుజానికీ ఆనుతుంది. స్నానం వద్దంది గానీ ఆ అమ్మాయి నూనె వద్దనలేదు. నూనె తడి కాదు కదా. స్టిక్కర్ల మీద పడకుండా, వాటి చుట్టూ జాగ్రత్తగా, మా ఆవిడ ముగ్గు చుట్టూ గీత దిద్దినంత జాగ్రత్తగా రాసుకున్నాను. ఆ అమ్మాయికి మిరప చేలు తెలియక చెప్పలేదు, నాకు స్టిక్కర్లు తెలియక అడగలేదు.

నాలుగు గంటల పది నిమిషాలకి చేలో ఉన్నాను. చెట్ల సాళ్లలో ఉన్న గోతాలన్నీ గట్టు పక్కకి చేర్చాం. కాటా మీట నొక్కితే అంకెలు రాలేదు. మళ్లీ నొక్కాను. చార్జింగు లేదు. ఆ రోజు ఊరికి తెల్లవారుజాము నుంచి కరెంటు లేదు.

ముఠాలో ఒకామె ఉంది. నా భార్యకి వరసకి చెల్లెలు, చిన్నప్పటి నుంచీ పక్క పక్క సాళ్లలో కోసినవాళ్లు. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. చొక్కా గుండీల సందున వైర్లు చూసింది.

"ఏంది బావా, కాటాతో పాటు నిన్నూ చార్జింగుకి పెట్టారా?"

ఆడవాళ్లంతా నవ్వారు. గుండెకి పెట్టారన్నాను.

"అయితే ఆ వైరేదో పీకి దీనికి పెట్టరాదూ. నీ గుండె ఎటూ పనిలేకే ఉంది, కాటాకైతే పనుంది."

రైతు వాళ్ల కొట్టంలో పాత వేలాడే కాటా ఉందని మనిషిని పంపాడు. ముల్లు తిరిగే రకం. ఇద్దరు మనుషులు ఒక వెదురుబొంగు భుజాల మీద పెట్టుకుని నిలబడితే, దానికి కాటా వేలాడదీసి, కింది కొక్కేనికి గోతం తగిలించాలి. మూడేళ్ల కిందటి వరకూ అందరం దాంతోనే తూచేవాళ్లం. అంకెల కాటా వచ్చింది నా భార్య పోయిన ఏడాదే.

పాత కాటాకి ఒక పద్ధతి ఉంది. ముల్లు తూచేవాడికొక్కడికే కనబడుతుంది. అందుకని తూచేవాడు చేను మొత్తానికీ వినబడేలా కేక వేసి లెక్క చెప్పాలి. మొదటి గోతాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. తర్వాత రెండు, మూడు. నేను చెప్పిన ప్రతి లెక్కనీ ముఠా పెద్ద అవతలి వైపు నిలబడి అదే గొంతెత్తి మారు చెప్పాలి. మారు వచ్చిందంటే ఆ గోతం తేలినట్టు. ఇక దాని మీద తగాదా ఉండదు. మారు రాకపోతే దింపి మళ్లీ తూచాలి.

నా భార్యే ముఠా పెద్ద. పంతొమ్మిదేళ్లు నేను లాభం అంటే అటువైపు నుంచి లాభం అన్నది ఆమె. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలే తూపు తూస్తే రైతు గతేంటని కొందరు గొణిగారు. ఆమె నా లెక్కని ఎన్నిసార్లు మారు చెప్పకుండా ఆపిందో, ఎన్ని గోతాలు దింపించిందో చూశాక ఆ గొణుగుడు ఆగిపోయింది. ఇంట్లో కూర బాగుందంటే బాగుందని అనేది కాదు. చేలో మాత్రం నేనన్న మాట మళ్లీ అనేది. అంకెల కాటా వచ్చాక ఆ కేకల అవసరం లేకుండా పోయింది. ఎర్ర అంకెలు అందరికీ కనబడతాయి, కొత్త ముఠా పెద్ద ఫోనుతో ఫొటో తీసుకుంటుంది. మూడేళ్లుగా నేను పొలంలో గొంతెత్తింది లేదు.

ఆ రోజు మొదటి గోతం ఛాతీకి ఆన్చి ఎత్తి కొక్కేనికి తగిలించాను. బొంగు పట్టుకున్నవాళ్లు లేచారు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది. లాభం అని కేక వేశాను.

కిలోలు చెప్పబోతుండగా అటువైపు నుంచి లాభం అని వచ్చింది.

మా మరదలు. చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, పడేసి. మా ఆవిడ దగ్గర విన్నదే కదా, ఆ సాగతీత కూడా అదే. నేను తలతిప్పి చూడలేదు. గోతం ఊగకుండా నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినప్పుడు ఒళ్లు ఎలా అదురుతుందో అలా అయింది. అంతకంటే ఎక్కువ చెప్పలేను. కళ్లు చీకట్లు కమ్మాయా? కమ్మాయని రాయలేను, లేదని రాయలేను. తర్వాత ఇరవై మూడున్నర అన్నాను, ఆమె ఇరవై మూడున్నర అంది, రెండో గోతం ఎత్తాను.

నలభై ఒక్క గోతాలు తూచాం. అయిదో గోతానికల్లా ముఠా మొత్తం మారు చెప్పడం మొదలుపెట్టింది. కొత్త ముఠా పెద్ద మొదట విసుక్కుని, తర్వాత అందరికంటే గట్టిగా అరిచింది. రైతు టీ తెప్పించాడు. మధ్యలో ఒక గోతానికి మా మరదలు మారు చెప్పకుండా ఆగిపోయి, "దింపు బావా, ముల్లు నీకు మొహమాటపడుతోంది" అంది. దింపి మళ్లీ తూచాను. పావు కిలో తేడా ఉంది. ఆమె చీర చెంగు దులుపుకుని నిలబడిన తీరు చూసి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు కూడా గీతలో పడుతుందని నాకప్పుడు తెలియదు.

ఆరు గంటల ఇరవై అయిదుకి ముగిసింది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే మూడు స్టిక్కర్లు నూనెలోనూ చెమటలోనూ జారి వైర్లకి వేలాడుతున్నాయి. తుడుచుకుని, ప్లాస్టరు వేసి అంటించేసరికి ఏడు దాటి అయిదు నిమిషాలు. అద్దం ఎత్తు చాలక స్టీలు పళ్లెం గోడకి ఆనించి అందులో చూసుకుంటూ అంటించాను.

మర్నాడు గుంటూరులో ఆ అమ్మాయి మిషనులోని రోజంతటినీ కంప్యూటరులోకి ఎక్కించి, పక్కన కుర్చీ వేసి నన్ను కూర్చోమంది. తెర మీద మూడు గీతలు. ఒక్కో గీత ఒక్కో పక్క నుంచి గుండెని చూస్తుందట. ముందు మెల్లగా, తర్వాత వేగంగా నా రోజు వెళ్లిపోతోంది. ఒకచోట చటుక్కున ఆపింది. గీత పెద్ద పెద్ద అలలుగా, పిచ్చెత్తినట్టు ఎగిసిపడుతోంది.

"పొద్దున్న అయిదున్నరకి ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ?"

"వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నానమ్మా."

ఆమె ఊపిరి వదిలి నవ్వింది. "ఇది చూస్తే ఎవరైనా మిమ్మల్ని ఐసీయూలో పడేస్తారు."

అప్పుడు చెప్పింది. ఒంట్లో ఏ కండ కదిలినా కరెంటు పుడుతుందట, గుండె కరెంటు దాని ముందు చాలా చిన్నదట. మిషనుకి గుండె ఏదో చెయ్యి ఏదో తెలియదు, వచ్చిందల్లా రాసుకోవడమే దాని పని. గీత నిదానంగా లేచి పడుతుంటే ఊపిరో చెమటో. గీత మీద నూగు పట్టినట్టుంటే కండలు. వణికి వణికి ఉంటే బండి. ఉన్నట్టుండి చదునైతే స్టిక్కరు ఊడినట్టు. నేను ఒక్కొక్కటీ చూసి వేళ చెబుతుంటే ఆమె ఒక్కొక్కటీ పక్కకి తీసేస్తూ పోయింది. మిరపలో తాలుకాయ ఏరినట్టే ఉంది. తెల్లబడిన తాలుని మంచి కాయలోంచి వేరు చేసి పక్కన పోస్తాం. అయితే మేం తాలుని కూడా తూస్తాం, ఎంత పోయిందో తెలియాలి కదా. ఆమె తూచట్లేదు. నేనే మనసులో కూడుకుంటూ కూర్చున్నాను.

వెనక్కి తిప్పి, ముందురోజు సాయంత్రం నాలుగు గంటల ముప్పై రెండు దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి నవ్వలేదు. పెద్దది చేసి చూసింది. మూడు గీతల్లో రెండు చదునుగా ఉన్నాయి. మూడోది నూగుతో నల్లగా కమ్ముకుపోయింది. కింద గడులు లెక్కపెట్టాను, ఆమె కంటే ముందే. నాలుగు సెకన్లు. ఆ తర్వాత మూడూ నూగుతోనే మళ్లీ నడిచాయి.

"ఇక్కడ కళ్లు తిరిగాయా మీకు?"

తెలియదన్నాను.

"బటన్ నొక్కలేదే?"

చేతులు గోతం మీద ఉన్నాయన్నాను. ఆమె లేచి నా చొక్కా గుండీ విప్పి, స్టిక్కరు ఉన్నచోట వేలు పెట్టి రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంది.

"నూనె రాశారా బాబాయ్ గారూ?"

రాశానన్నాను. ఆమె నుదురు పట్టుకుంది. కోప్పడలేదు. ఆ రెండు గీతలకీ కలిపి ఒక స్టిక్కరు ఉంటుందట. అది నూనెకి జారి చర్మం వదిలితే రెండూ ఒకేసారి చదునవుతాయి, గోతం ఒత్తి మళ్లీ ఆనితే నడుస్తాయి. బహుశా అదే అయ్యుంటుంది అంది. గుండె ఆగినా అలాగే చదునవుతాయి కదా అన్నాను. అవుతాయి అంది. మూడో గీత చూస్తే తేలేది కదా అన్నాను.

"మూడో దాంట్లో మీ భుజాలే ఉన్నాయి. గుండె కనబడట్లేదు."

డాక్టరు రెండు నిమిషాలు చూసి ఆర్టిఫాక్ట్ అన్నారు, మూడు వారాలాగి మళ్లీ పెడదాం అన్నారు. బయటికొచ్చాక ఆ మాటకి అర్థమేంటని అమ్మాయిని అడిగాను. గుండెది కానిది, మనకి అక్కర్లేనిది అంది.

బస్సులో కూర్చున్నాక నాకు ఇంకో తెర గుర్తొచ్చింది.

మూడేళ్ల కిందట నా భార్య జ్వరంతో గుంటూరులో వేరే ఆసుపత్రిలో అయిదు రోజులుంది. మంచం పైన ఒక తెర, అందులో ఆకుపచ్చ గీత. ఆమె పక్కకి తిరిగితే గీత చెదిరిపోయి గంట మోగేది. దగ్గినా మోగేది. మొదటిరోజు మోగినప్పుడల్లా నా ప్రాణం పోయేది. నర్సు వచ్చి వైరు నొక్కి, వైరు కదిలిందండీ, ఏం లేదు అని వెళ్లేది. రెండోరోజు నుంచి నేనే నొక్కడం నేర్చుకున్నాను. మూడోరోజు ఆమెకి కాస్త నెమ్మదించింది. గంట మోగగానే నేను లేవడం చూసి, "కదిల్తే గంట కొడుతున్నారు, నన్ను గుళ్లో అమ్మవారిని చేశారు" అంది. కావాలని ఒకసారి చెయ్యి ఊపి మోగించింది కూడా.

అయిదోరోజు మధ్యాహ్నం గంట మోగింది. గీత చదునుగా ఉంది. నర్సు మంచం పక్కనే ఉంది, నేనే ఆమెతో అన్నాను, "వైరు కదిలింది చూడండమ్మా" అని. ఆమె వైరు వంక చూడలేదు. నా భార్య ముఖం చూసి, డాక్టరుని పిలుస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. ఏ ఆలస్యమూ జరగలేదు. చెయ్యగలిగిందంతా చేశారు. అది వైరు కాదు, అంతే.

అందుకని ఆ నాలుగు సెకన్ల దగ్గర బహుశా అన్న మాట నాకు చాలలేదు.

మూడు వారాల తర్వాత కోతలు అయిపోయాయి. మళ్లీ మిషను పెట్టారు. ఈసారి పేట నుంచి ఆటోలో వచ్చాను. నూనె సీసా అటక మీద పెట్టేశాను. బోరింగు నీళ్లు పక్కింటివాళ్లు రెండు బిందెలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. పళ్లు తోమలేదు, నోరు పుక్కిలించాను. వరండాలో కుర్చీలో కూర్చున్నాను, ఆకలైతే లేచి తిన్నాను, వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడకూడదని అనుకోలేదు. మాట్లాడాల్సిన అవసరం రాలేదు. నన్ను ఎవరైనా పిలుస్తారేమో, పిలిస్తే గీత చెడుతుందేమోనని మొదట కాస్త భయపడ్డాను. ఎవరూ పిలవలేదు.

మర్నాడు ఆ అమ్మాయి రోజంతా తిప్పి చూసింది. పక్కకి తియ్యాల్సింది ఒక్క నిమిషం కూడా లేదు.

"ఇంత శుభ్రమైన రికార్డింగు నేనెప్పుడూ చూళ్లేదు బాబాయ్ గారూ. ఇంట్లో ఏం చేశారు?"

"కూర్చున్నానమ్మా."

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. తెర మీద నా గుండె పక్కనెవరూ లేని దారిలో నడిచినట్టు నడుస్తూ పోతోంది. మొదటిసారి పంతొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాలు కూడా ఇలాగే ఉన్నాయి. అవన్నీ, బస్సులోవి కూడా, నేను ఒక్కణ్ణే ఉన్న గంటలు. మనుషుల మధ్య ఉన్నవి పొలంలోని రెండుంపావు గంటలే, అవి మొత్తం పనికిరాకుండా పోయాయి.

ఏ ఆగుడూ లేదన్నారు డాక్టరు. పరికరం ఇప్పుడే వద్దు, మళ్లీ కళ్లు తిరిగితే వెంటనే రండి, బరువులు మాత్రం మానేయండి అన్నారు. మరి ఆ నాలుగు సెకన్ల మాటేమిటని అడిగాను. ఇరవై నాలుగు గంటలూ బాగున్నాయి కదా అన్నారు. ఆయన దృష్టిలో కొత్త ఇరవై నాలుగు గంటలు పాత లోటుని పూడ్చేశాయి. నేను కాటా మనిషిని. ఒక గోతం మీద అనుమానం వస్తే ఆ గోతాన్నే దింపి మళ్లీ తూచాలి. వేరే గోతాన్ని తూచి ఈ గోతం బరువు చెప్పలేం. ఆ మాట ఆయనతో అనలేదు, బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు.

ఈ ఏడు మళ్లీ కోతలు మొదలయ్యాయి. గోతాలు కుర్రవాళ్లు ఎత్తుతున్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎర్ర అంకెలు చదువుతున్నాను, నిజానికి అవి ఎవరైనా చదవచ్చు. రైతు మర్యాదకి నన్ను ఉంచుకున్నాడని నాకు తెలుసు. మొదటిరోజు తూపు అయ్యాక మా మరదలు చేతులు మట్టితో రుద్దుకుంటూ వచ్చి నిలబడింది.

"ఇంతకీ డాక్టరు ఏమని తేల్చాడు బావా?"

నాలుగు సెకన్లు తేలలేదన్నాను. ఎప్పటివి అంది. చెప్పాను. మొదటి గోతానివి, నువ్వు మారు చెప్పినప్పటివి అని. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె చేతులు రుద్దుకోవడం ఆపింది.

"అక్కలాగా అన్నానా?" అంది.

అవునన్నాను.

అవతల ఆడవాళ్లు ఆటో ఎక్కుతున్నారు. తర్వాత ఆమే అంది, ఇంకోసారి ఆ మిషను పెట్టించుకుని రా, పాత కాటా తెప్పిద్దాం, నేను మళ్లీ అంటాను, అప్పుడు తేలిపోతుంది కదా అని. మంచి ఆలోచనే. గుండె ఆగితే ఆగినట్టు కనబడుతుంది, ఆగకపోతే నడిచినట్టు కనబడుతుంది. వద్దన్నాను. ఎందుకని అడిగితే, అది ఇంకో గోతం అవుతుంది అన్నాను. అర్థమైనట్టే తల ఊపి, ఆటోవాడు హారన్ కొడితే వెళ్లిపోయింది.

స్టిక్కరు జారి ఉంటే నా గుండె బాగున్నట్టు. గుండె ఆగి ఉంటే, ఆ గొంతు అంత లోపలికి వెళ్లినట్టు. ఈ రెండింట్లో ఏది తేలాలని కోరుకుంటున్నానో నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పలేను. తలుపు గడియ మాత్రం ఇప్పటికీ వెయ్యడం లేదు.

బండి మీది నిమిషాలు కొట్టేశాను. వేపపుల్లవి, బోరింగువి, ప్లాస్టరు వేసుకున్నవి, నవ్వినవి, నలభై ఒక్క గోతాలవి అన్నీ కొట్టేశాను. నాలుగు గంటల ముప్పై నాలుగు నిమిషాల యాభై ఆరు సెకన్లు పోతే పోయాయి, వాటి మీద నాకు తగాదా లేదు. ఇంకా రావాల్సింది నాలుగు సెకన్లు.